నన్ను ఇనుప ఖనిజంగా గుర్తించండి, స్వామీ!

శ్రీ కుమారస్వామి వారి దివ్యసముఖానికి,
కొండమీద, సండూరు తాలూకా, బళ్ళారి జిల్లా.

విషయం: సండూరు చూడవచ్చే పర్యాటకుణ్ణి ఇనుప ఖనిజంగా పరిగణించి, సదరు ఖనిజానికి ఇచ్చే ప్రయాణ వసతులన్నీ ఇప్పించమని మనవి.

అయ్యా,

ఈ అర్జీ ఏ ఆఫీసులో పెట్టాలా అని చాలా ఆలోచించాను. టూరిజం వాళ్ళకు పెడితే అది రోడ్డు సంగతి అంటారు. రోడ్లవాళ్ళ దగ్గరికి పోతే దాన్ని పాడుచేసినవి గనుల లారీలు, అటు పొమ్మంటారు. గనులవాళ్ళు అది అడవి అంటారు. అడవివాళ్ళు మళ్ళీ టూరిజం గుమ్మం చూపిస్తారు. ఇంత ప్రదక్షిణ చేసే బదులు కొండ అసలు ఓనరుకే రాసుకుంటే ఒక్క కవరు ఖర్చుతో పోతుంది.

పైగా ప్రయాణాల విషయంలో మీకున్న అనుభవం ఏ ఆఫీసరుకుంది? వినాయక చవితినాడు ప్రతి తెలుగింట్లో అక్షింతలు చేతబట్టుకుని వినే కథే కదా. లోకంలోని నదులన్నిట్లో మునిగి ముందు తిరిగొచ్చినవాడికి గణాధిపత్యం అనగానే మీరు నెమలెక్కారు. గంగకు పోతే అన్నగారు అప్పటికే తలస్నానం చేసి ఎదురొస్తున్నారు. గోదావరికి పోతే అక్కడా ఆయనే. మూడు కోట్ల యాభై లక్షల నదుల్లో ఒక్కదాని దగ్గరైనా మీకు దారి ఖాళీగా దొరకలేదు. అప్పుడు మీకు ఎలా ఉండిందో సండూరు రోడ్డు మీద మాకు బాగా తెలిసొచ్చింది స్వామీ. ఇక్కడ ఎదురొచ్చేది లారీ, అంతే తేడా.

ఇది బహిరంగ లేఖ కాబట్టి అటు అనంతపురం, కర్నూలు, హైదరాబాదు వాళ్ళ కంట కూడా పడుతుంది. వాళ్ళకోసం ఊరి సంగతి కొంచెం చెప్పనివ్వండి. సండూరంటే చుట్టూ కొండల వరసలు ఉన్న లోయ. లోపలికి రావడానికి కొండలు వదిలిన సందులు మూడు: భీమగండి, ఓబళగండి, ఎత్తినహట్టి. నారిహళ్ళ వాగు ఆ కొండలనే కోసుకుని పారుతుంది. బళ్ళారిలో బండరాళ్ళూ ఎండా తప్ప ఏముందని నవ్వేవాళ్ళను శ్రావణ భాద్రపదాల్లో ఈ లోయలోకి తీసుకొచ్చి నిలబెడితే నోరు మెదపరు. కొండ నెత్తిన మబ్బు, వాలంతా పచ్చిక, ఆ పచ్చిక చిరిగిన చోట ఎర్రటి మన్ను. ఘోర్పడే వంశం వాళ్ళ చిన్న సంస్థానం ఇది. 1949లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్ళారి, సండూరు మైసూరుకు పోయాయి. చుట్టాలు మాత్రం ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయారు. 2021లో విజయనగర జిల్లా వేరుపడి హంపిని కూడా పట్టుకుపోయింది. ఇప్పుడు బళ్ళారి జిల్లావాళ్ళం చుట్టాలకు చూపించుకోవడానికి మిగిలిన చల్లటి చోటు మీ కొండలే.

ఆ చూపించుకోవడంలోనే చిక్కంతా ఉంది.

మా అక్కా బావా రాయదుర్గం నుంచి వచ్చారు. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినేసి బళ్ళారిలో బస్సెక్కాం. కుడితిని, తోరణగల్లు మీదుగా సండూరు. బస్సు బోర్డు కన్నడంలో ఉన్నా బావ చకచకా చదివేశాడు. ఆ రోజు మొత్తం మీద సులువుగా జరిగిన పని అదొక్కటే. కండక్టరు రాగానే మా ఆవిడ ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకుంది. 2023 జూన్ 11 నుంచి కర్ణాటకలో ఆడవాళ్ళకు శక్తి పథకం కదా. అక్క కూడా దర్జాగా కార్డు తీసింది. కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఆంధ్రదమ్మా ఇది, దుడ్డు ఇవ్వాల" అన్నాడు. అక్కకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి ఉంది, కానీ అది ఆంధ్ర లోపలే. అదే మా ఆవిడ రాయదుర్గం పోతే అక్కడ తనే డబ్బు కట్టాలి. ఒకే ముత్తాత మునిమనవరాళ్ళు వీళ్ళిద్దరూ, డి.హీరేహాళ్ దాటగానే ఒకరి శక్తి అయిపోయి ఇంకొకరి శక్తి మొదలవుతుంది. రెండు ప్రభుత్వాల పథకాల పేర్లలోనూ శక్తి ఉంది. మీరు మాత్రం చేతిలో ఒక్క శక్తి ఆయుధంతోనే తారకాసురుడి దాకా వెళ్ళొచ్చారు, ఏ సరిహద్దులోనూ ఎవరూ కార్డు అడిగినట్టు లేదు.

తోరణగల్లు దాటాక లారీల వరస మొదలైంది. ముందు లారీ వెనకాల మా బస్సు, మా వెనకాల ఇంకో లారీ. పైన కప్పిన టార్పాలిన్ ఒక మూల తాడు ఊడి, గాలికి టపటపా కొట్టుకుంటోంది. కొట్టుకున్న ప్రతిసారీ ఎర్రటి పొడి ఇంత లేచి మా అద్దం మీద వాలుతోంది. క్లీనరు కుర్రాడు ఎడమ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఆగు, ఆగు అంటాడు, తర్వాత ఏదో దయగలిగినట్టు రా, రా అని ఊపుతాడు. మా డ్రైవరు ఆ చేతిని నమ్మి పక్కకు తీసేసరికి ఎదురుగా ఖాళీ లారీ. నిండు లారీ కంటే ఖాళీ లారీ ప్రమాదం స్వామీ, దానికి బరువూ ఉండదు, భయమూ ఉండదు. రోడ్డు పక్క కానుగ చెట్టు ఆకు మీద వేలితో గీశాను. పచ్చ గీత పడింది. అంటే ఆ చెట్టు లోపల ఇంకా పచ్చగానే ఉందన్నమాట. మా అక్క కట్టుకున్నది తెల్ల చీర, ఇక దాని గురించి రాయను.

సండూరు బస్టాండులో దిగి మీ గుడికి ఆటో అడిగితే డ్రైవరు మమ్మల్ని ఎగాదిగా చూసి, "పైన రోడ్డు బాగలేదన్నా, వెయిటింగ్ వేరే" అన్నాడు. రేటు విని బావ, ఇంతకి మా ఊరు పోయి మళ్ళీ వచ్చేయొచ్చు అని గొణిగాడు. ఆటో అబ్బాయిని తప్పుపట్టను. పైకి పోతే కింద నాలుగు బేరాలు పోతాయి, దిగొచ్చేటప్పుడు ఎవరూ దొరకరు, టైరు పగిలితే అడవిలో దిక్కెవరు? అతని లెక్క అతనికి సరిపోయింది. ఊళ్ళోంచి కొండకు మనుషులు పోవాలనే లెక్క ఇంకెవరి పుస్తకంలోనూ లేకపోవడం వల్ల అతని లెక్కే రేటయింది.

ఇప్పుడు ఇదే లోయలో ఖనిజం ఎలా ప్రయాణం చేస్తుందో చిత్తగించండి.

ఖనిజానికి రైలుంది. ఒక లైను స్వామిహళ్ళి దాకా, ఇంకొకటి రణజిత్‌పుర దాకా లోయలోకి దూరి వచ్చాయి. పేరులోనే స్వామి ఉన్న ఊరికి పట్టాలున్నాయి, కానీ వాటి మీద మేం చూసేదంతా ఎర్రమన్ను నిండిన వ్యాగన్లే. ఖనిజానికి పర్మిట్టుంది, తూకం కాటా ఉంది, అది ఎక్కిన లారీ ఎక్కడుందో చెప్పే జీపీఎస్ ఉంది. దారి తప్పితే వెతికేవాళ్ళున్నారు. అన్నిటికంటే నాకు కన్నుకుట్టింది నందిహళ్ళి నుంచి విద్యానగర్ ఉక్కు ఫ్యాక్టరీ దాకా వేసిన పైపు కన్వేయరు. సుమారు 24 కిలోమీటర్లు. రబ్బరు బెల్టును గొట్టంలా చుట్టేసి, లోపల ఖనిజాన్ని పడుకోబెట్టి, ఎండ తగలకుండా, దుమ్ము లేవకుండా, ఎదురు లారీ బాధ లేకుండా కొండ దింపి ఫ్యాక్టరీ గుమ్మంలో దించుతుంది. లారీలు తగ్గుతాయి కాబట్టి అది మంచి పనే, కాదనను. కానీ మా అక్క దాన్ని కిందనుంచి చూసి, "మనల్ని కూడా అందులో పంపరా?" అని అడిగింది. ఆ ప్రశ్నలోంచి పుట్టిందే ఈ అర్జీ.

ఇంకో సంగతి. ఇటు తుమటి, అటు ఓబుళాపురం మధ్య రెండు రాష్ట్రాల సరిహద్దు గుర్తులు చెరిపేశారని కేసులు నడిచి, హద్దు ఎక్కడుందో తేల్చడానికి సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు వచ్చి మళ్ళీ కొలవవలసి వచ్చింది. మా అక్క ఆధార్ కార్డు గీత దాటలేకపోయింది, ఆ పక్కనే గీతే కనిపించకుండా పోయింది.

కొండల్లో ఖనిజముంటే మనుషులకు యోగం లేదని మీరు అనవచ్చు. అరకును చూడండి. విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరందూల్ దాకా పోయే లైను 1960లలో వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజం కోసమే. ఖనిజం రేవుకు పోవాలి, అక్కణ్ణించి జపాను పోవాలి. పర్యాటకుడి మాట అప్పుడెవరూ తలచలేదు. అయినా ఆ పట్టాల మీదే ఒక ప్యాసింజరు బండి నడిచింది, బొర్రా గుహల పక్కన ఒక స్టేషను ఉంది, 2017లో దానికి అద్దాల కప్పున్న పెట్టె కూడా తగిలించారు. ఇప్పుడు తెలుగు దేశంలో సగం మంది పెళ్ళయిన కొత్తలో ఆ పెట్టెలో కూర్చుని సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెడతారు. అక్కడ బైలదిల్లాలో తవ్వేది ఎన్ఎండీసీ. ఇక్కడ దోణిమలైలో తవ్వేదీ ఎన్ఎండీసీయే. ఆ సంస్థ గనుల్లో ఒకదానికి మీ పేరే పెట్టారు కూడా. ఒకే రకం మన్ను, ఒకే రకం పట్టాలు. అక్కడ మనిషికి అద్దాల పెట్టె, ఇక్కడ మనిషికి టార్పాలిన్ కింద గాలి.

తెల్లదొరలు మీ కొండల విలువ కనిపెట్టినవాళ్ళే. బళ్ళారి కంటోన్మెంటులో ఎండకు సోల్జర్లు సొమ్మసిల్లుతుంటే 19వ శతాబ్దం మధ్యలో సండూరు రాజా దగ్గర చోటు తీసుకుని రామన్‌దుర్గంలో ఆరోగ్య విడిది కట్టుకున్నారు. మూడు వేల అడుగుల పైన, బంగళాలూ బారకులూ. మద్రాసు దొరలకు ఊటీ ఎలాగో బళ్ళారి దొరలకు రామన్‌దుర్గం అలాగ. ఊటీకి 1908 నాటికి రైలు ఎక్కింది. రామన్‌దుర్గంలో ఇప్పుడు మొండిగోడలు, వాటి మధ్య మేకలు. అక్కడికి వెళ్ళాలంటే సొంత బండి ఉండాలి, లేదా సొంత బండి ఉన్న బావ ఉండాలి. మా బావకు లేదు.

1934లో గాంధీగారు సండూరు వచ్చారు. అంతకు రెండేళ్ళ ముందే, 1932లో, ఇక్కడి రాజావారు మీ గుడి తలుపులు హరిజనులకు తెరిపించారు. తిరువాన్కూరులో ఆ ప్రకటన 1936లో గానీ రాలేదు, కాబట్టి ఆ విషయంలో మనం ముందున్నాం. సండూరును సెప్టెంబరులో చూడాలని గాంధీగారు అన్నారని ఊళ్ళో టీ కొట్టు దగ్గర కూడా చెబుతారు. హోటలు గోడల మీద రాసుకుంటారు, ప్రసంగాల్లో వాడుకుంటారు. ఎలా చూడాలో మాత్రం ఆయన చెప్పి పోలేదు. ఆయనకేం, దండి దాకా నడిచిన మనిషి. మా అక్కకు మోకాళ్ళ నొప్పులు.

స్వామీ, మీరు నన్ను గనుల ద్వేషి అనుకోవద్దు. మా పెద్దల్లుడికి రెండు లారీలున్నాయి. ఆ లారీల మీదే వాళ్ళ అమ్మాయి ఇంజినీరింగు చదివింది. 2011 జులైలో లోకాయుక్త సంతోష్ హెగ్డేగారి నివేదిక వచ్చిన రెండు రోజులకే సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకాలు ఆపమంది. ఆ రోజుల్లో ఆకులు కడిగినట్టు పచ్చగా కనిపించాయి. అల్లుడి ఇంట్లో పొయ్యి మాత్రం ఒక పూట వెలిగీ వెలగక నడిచింది. లారీలు వరసగా నిలబడి టైర్లలో గాలి దిగిపోతుంటే ఫైనాన్సు వాళ్ళు మాత్రం ఊపిరాడనివ్వకుండా తిరిగారు. అందుకని గనులు మూసేయమని నేను మిమ్మల్ని అడగను. ఎంత తవ్వాలో కోర్టే లెక్క పెట్టింది. ఏడాదికి 28 మిలియన్ టన్నులన్న బళ్ళారి పరిమితిని 2022లో 35 చేసింది. ఖనిజానికి ఏడాదికింత అని లెక్క ఉన్నట్టే, ఏడాదికి ఇంతమంది మనుషులను కొండకు చేర్చాలని ఒక లెక్క ఎవరైనా పెడితే నాకు చాలు. 35 మిలియన్లు వద్దు. ఆదివారానికి ఒక బస్సెడు.

డబ్బు లేదంటారా? 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజుదార్లు రాయల్టీలో 30 శాతం, వేలంలో లీజు తెచ్చుకున్నవాళ్ళు 10 శాతం అందులో వెయ్యాలి. దుమ్ము తిన్న ఊళ్ళ బాగుకోసమే ఆ నిధి. ముందు మంచినీళ్ళు, ఆసుపత్రి, బడి అన్నారు, న్యాయమే. తర్వాత వరసలో రోడ్లూ ఉన్నాయి. ఆ వరస చివర ఒక మినీ బస్సు నిలబడితే ఎవరికీ కోపం రాదు. పొద్దున సండూరులో బయల్దేరి నారిహళ్ళ డ్యాము, మీ గుడి, రామన్‌దుర్గం చూపించి సాయంత్రం ఊళ్ళో దించుతుంది. దారిలో లంబాణీ ఆడవాళ్ళు కుట్టుపని చేసే సండూరు కుశల కళా కేంద్రం దగ్గర అరగంట ఆపాలి. సండూరు లంబాణీ కుట్టుకు జీఐ గుర్తింపు ఉంది. 2023లో హంపిలో జీ20 సమావేశం జరిగినప్పుడు ఆ కుట్లనే వందల కొద్దీ పరిచి గిన్నిస్ రికార్డు తీసుకున్నారు. కుట్టు గిన్నిస్ దాకా పోయింది. కుట్టే చోటు చూడాలంటే మళ్ళీ ఆటో అబ్బాయే దిక్కు.

మీ పేరు వల్ల ఇంకో గందరగోళం కూడా ఉంది, మీ దృష్టికి తేవడం నా ధర్మం. 2024 జూన్‌లో హెచ్.డి.కుమారస్వామిగారు కేంద్ర ఉక్కు శాఖ మంత్రి అయ్యారు. కుర్చీ ఎక్కిన కొత్తలో ఆయన సంతకం చేసిన ఫైళ్ళలో సండూరు అడవిలోని దేవదారి గని ఒకటి, అది కుద్రేముఖ్ ఇనుప ఖనిజ సంస్థది. చెట్లు పోతాయని గోల లేచింది. రాష్ట్ర అటవీ మంత్రి ఆ భూమి అప్పగించొద్దని అధికారులకు చెప్పారు. ఆ వారమంతా మా వీధిలో పేపరు చదివి వినిపించే పెద్దాయన, "కుమారస్వామి సంతకం పెట్టాడంట" అనగానే మా ఆవిడ దండం పెట్టుకుంది. మీరు కాదని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

సంతకాల మాట వచ్చింది కాబట్టి నా దరఖాస్తు కూడా జతపరుస్తున్నాను. ఖనిజ రవాణాకు కావలసిన వివరాలన్నీ ఊహించి నేనే గళ్ళు గీసి నింపాను, తప్పులుంటే సర్దుకోగలరు.

ఖనిజం పేరు మనిషి, కుటుంబ సమేతం. గ్రేడు అంత ఎక్కువ కాదు, అక్క మోకాళ్ళు కలిపి చూస్తే ఇంకా తగ్గుతుంది. తేమ శాతం మే నెలలో హెచ్చు, సెప్టెంబరులో సాధారణం. బరువు ఉగ్గాని తినకముందు తూచింది. ఎక్కించవలసిన చోటు తోరణగల్లు స్టేషను, దించవలసిన చోటు తమ గుడి వాకిలి. మార్గం పైపు కన్వేయరు గానీ, స్వామిహళ్ళి వ్యాగను గానీ, ఏది ఖాళీగా ఉంటే అది. పైన టార్పాలిన్ కప్పనక్కర్లేదు, కొండలు చూడాలి. తిరుగు ప్రయాణం అనే గడి ఖనిజం కాగితాల్లో ఎందుకుంటుంది? అందుకని దాన్ని కింద పెన్నుతో విడిగా రాశాను, దయచేసి గమనించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
బళ్ళారి కోట కింద కాపురముండే ఒక అర్జీదారు